కోత ఒక పూట... పథ్యం బతుకంతా

ఆపరేషన్ అంటే భయపడని పల్లె లేదు. పథ్యం అంటే తెలియని ఇల్లూ లేదు. బాలింత పథ్యం, కామెర్ల పథ్యం, కుట్లు మానేదాకా పథ్యం... ఇంట్లో పెద్దవాళ్ళకు ఇవన్నీ కంఠతా వచ్చు. కాని విశాఖ పెద్దాసుపత్రుల్లో ఇప్పుడు చేస్తున్న ఒక ఆపరేషన్‌కు ఈ పాత పథ్యాలు సరిపోవు. పైగా వాటిలో కొన్ని కీడు చేస్తాయి. అది అధిక బరువు తగ్గించే ఆపరేషన్.

విశాఖకు 1933లో ఓడరేవు వచ్చింది. 1992లో ఉక్కు కర్మాగారం జాతికి అంకితమైంది. బస్తాలు మోసిన చేతులకు బదులు క్రేన్లు వచ్చాయి. పల్లెల్లో నడిచి వెళ్ళే దారిలో ఆటోలు తిరుగుతున్నాయి, నాగలి చోట ట్రాక్టరు దున్నుతోంది. ఒళ్ళు వంచే పని తగ్గింది, కంచంలో అన్నం మాత్రం తగ్గలేదు. 2019-21 మధ్య జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్ర మహిళల్లో మూడో వంతుకు పైగా ఉండవలసిన బరువుకు మించి ఉన్నారు. వారందరికీ ఆపరేషన్ అక్కరలేదు. కొద్దిమందికే కావాలి. ఆ కొద్దిమందికీ ఆపరేషన్ బల్ల మీద గడిపే రెండు మూడు గంటల కంటె, దానికి ముందు రెండు వారాలు, తరువాత రెండు నెలలు ఇంట్లో ఎలా గడిచాయన్నదే ముఖ్యం.

లెక్క చూసుకోవాలి

పద్మనాభం వైపు ఒక పల్లెలో నలభై రెండేళ్ళ ఇల్లాలు ఉందనుకుందాం. ఎత్తు 160 సెంటీమీటర్లు, అంటే అయిదడుగుల మూడంగుళాలు. బరువు 96 కిలోలు. మోకాళ్ళు పట్టేసి గడప దాటడమే కష్టం. షుగర్‌కు రెండుపూటలా మాత్రలు. రాత్రిపూట గురక మధ్యలో ఊపిరి ఆగినట్టయి ఉలిక్కిపడి లేస్తుంది.

ఆమె ఆపరేషన్‌కు తగునా, తగదా? దీనికి వైద్యులు ఒక లెక్క చూస్తారు. ఎత్తును మీటర్లలో తీసుకుని దానితోనే హెచ్చిస్తారు. 1.6ను 1.6తో హెచ్చిస్తే 2.56. బరువును దానితో భాగిస్తారు. 96ను 2.56తో భాగిస్తే 37.5 వస్తుంది. దీనినే బీఎంఐ అంటారు. మన దేశంలో చాలాకాలంగా పాటిస్తున్న హద్దు ప్రకారం వేరే జబ్బు లేకపోయినా 37.5 దాటినవారికి, షుగరు, బీపీ, నిద్రలో ఊపిరి ఆగడం వంటివి ఉంటే 32.5 దాటినవారికి ఆపరేషన్ ఆలోచిస్తారు. 2022లో అంతర్జాతీయ శస్త్రవైద్య సంఘాలు ఈ హద్దును ఇంకా దించి, ఆసియావాసులకు 27.5 నుంచే చెప్పవచ్చన్నాయి. అయినా లెక్క ఒక్కటే చాలదు. తిండి మార్చి, నడిచి, మందులు వాడి చూసినా తగ్గనివారికే దీని అవసరం.

కొవ్వు తీయడం కాదు

చాలామంది ఇది పొట్ట మీద కొవ్వు పీల్చే ఆపరేషన్ అనుకుంటారు. అది వేరు, ఇది వేరు. ఇందులో పని జీర్ణాశయం మీద. 1966లో అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయంలో డాక్టర్ ఎడ్వర్డ్ మేసన్ చేసిన బైపాస్‌తో ఈ వైద్యానికి దారి ఏర్పడింది. ఇప్పుడు ఎక్కువగా చేసేవి రెండు. ఒకదానిలో జీర్ణాశయాన్ని నిలువునా కోసి దాదాపు ముప్పాతిక భాగం తీసివేస్తారు. మిగిలేది అరటిపండు ఆకారంలో సన్నటి గొట్టం. దీనిని స్లీవ్ అంటారు. రెండో దానిలో జీర్ణాశయం పైభాగాన చిన్న సంచి మాత్రం ఉంచి, దానిని నేరుగా చిన్నపేగుకు కలుపుతారు. ఇది బైపాస్. రెండూ సాధారణంగా నాలుగైదు చిన్న రంధ్రాల గుండా చేస్తారు.

తినగలిగేది తగ్గుతుంది. ఆకలి పుట్టించే హార్మోను కూడా తగ్గుతుంది. ఏడాది రెండేళ్ళలో మొత్తం బరువులో నాలుగో వంతు, కొందరిలో ఇంకా ఎక్కువ పోతుంది. 96 కిలోల మనిషి 72 దగ్గరకు రావచ్చు. ప్రాణాపాయం వెయ్యిమందిలో ఒకరిద్దరికి ఉంటుంది. ఆ మాట ఇంటిల్లిపాదీ విన్న తరువాతే సంతకం పెట్టాలి.

డబ్బు మాట ముందే

ప్రభుత్వ ఆరోగ్య పథకం కింద ఏది వస్తుందో, ఏది రాదో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను చేరకముందే అడగాలి. ప్రైవేటు బీమా ఉన్నవారు ఇంకొకటి గమనించాలి. 2019లో బీమా నియంత్రణ సంస్థ ప్రామాణికం చేసిన నిబంధనలో హద్దు 40. తీవ్రమైన తోడు జబ్బులుంటే 35. పైన చెప్పిన ఇల్లాలు వైద్యుల లెక్కకు సరిపోయినా, షుగరు అదుపులో లేదనో, నిద్రలో ఊపిరి ఆగడం తీవ్రంగా ఉందనో కాగితం లేకపోతే బీమా కంపెనీ కాదనవచ్చు. అందుకే పాత చీటీలు, పరీక్షల కాగితాలు పారేయకుండా దాచాలి. గేదెను అమ్మి, పొలం తాకట్టు పెట్టి వచ్చాక ఈ సంగతి తెలిస్తే ప్రయోజనం లేదు.

ముందు రెండు వారాలు

రక్తం, గుండె, థైరాయిడ్, ఊపిరితిత్తుల పరీక్షలు చేస్తారు. పిత్తాశయంలో రాళ్ళున్నాయేమో స్కానింగు తీస్తారు. ఎండోస్కోపీతో జీర్ణాశయం లోపల చూస్తారు. మానసిక వైద్యుడు కూడా మాట్లాడతాడు. "నాకేమైనా పిచ్చా?" అని నొచ్చుకోనక్కరలేదు. తిండితో మనిషికున్న బంధం మారబోతోంది, దానికి మనసు సిద్ధంగా ఉందా అని చూడడమే అది.

చుట్ట, బీడీ, సిగరెట్టు కనీసం ఆరు వారాల ముందు మానాలి. తీరగ్రామాల్లో అడ్డచుట్ట కాల్చే అవ్వలకూ ఇదే నియమం. పొగ ఉంటే లోపలి కుట్లు సరిగా మానవు. సారా, బ్రాందీ ముట్టరాదు. నాటుమందు, పసరు ఏది వాడుతున్నా దాచకుండా చెప్పాలి.

చివరి రెండు వారాలు అన్నం, పిండివంటలు, తీపి బాగా తగ్గించిన ఆహారం ఇస్తారు. దీనికి కారణం ఉంది. లావుపాటి మనిషిలో కాలేయం కొవ్వుతో ఉబ్బి జీర్ణాశయాన్ని కప్పివేస్తుంది. ఈ పథ్యంతో అది కుంచించుకుని వైద్యుడికి దారి ఇస్తుంది. "ఇక ముందు తినలేదు కదా" అని ఆ రోజుల్లో పిలిచి విందులు పెట్టే బంధువులు మేలు చేస్తున్నామనుకుని కీడు చేస్తారు. లంఖణం మంచిదని షుగరు రోగి తనంతట తాను ఉపవాసాలు చేయడమూ ప్రమాదమే. మాత్రల మోతాదు వైద్యుడే మార్చాలి.

పప్పు తింటే చీము పడుతుందా?

ఆపరేషన్ అయిన సాయంత్రమో, మరునాడో లేపి నడిపిస్తారు. "కోత మనిషిని కదపడమేమిటి?" అని అత్తగారు అడ్డుపడవచ్చు. కదలకుండా పడుకుంటే కాళ్ళ నరాల్లో రక్తం గడ్డకట్టి ఊపిరితిత్తులకు చేరే ప్రమాదం ఉంది. అందుకే నడక కూడా మందే. సాధారణంగా రెండు మూడు రోజుల్లో ఇంటికి పంపుతారు.

అసలు చిక్కు ఇంటికి వచ్చాక. పప్పు తింటే కుట్లు చీము పడతాయని, గుడ్డు వేడి చేస్తుందని, చేప పనికిరాదని ఊళ్ళో తలా ఒక మాట అంటారు. ఈ రోగికి అవే కావాలి. గాయం మానాలన్నా, కండ కరగకుండా కొవ్వు మాత్రం కరగాలన్నా మాంసకృత్తులు ఉండాలి. రోజుకు 60 గ్రాముల వరకైనా అందాలంటారు వైద్యులు. ఒక గుడ్డులో ఉండేది ఆరు గ్రాములే. గ్లాసు పాలలోనూ దాదాపు అంతే. అందుకే మొదట్లో ప్రొటీన్ పొడి కలిపి ఇస్తారు. చీము పట్టేది పప్పు వల్ల కాదు, మురికి చేతుల వల్ల, అదుపు తప్పిన షుగరు వల్ల.

వారాల లెక్క

మొదటి ఒకటి రెండు రోజులు నీళ్ళు, వడగట్టిన తేటలు. తరువాత రెండు వారాల వరకు పలుచటి మజ్జిగ, పప్పుకట్టు, పాలు, కారం లేని చారు, పలుచగా కాచి వడగట్టిన చోడి అంబలి. మూడో వారం నుంచి మెత్తగా మెదిపిన పప్పు, పెరుగు, గుడ్డు. అయిదో వారం దాటాక ముల్లు తీసిన మెత్తటి చేప, బాగా ఉడికిన కూరలు. మామూలు తిండి రెండు నెలలకు. ఆసుపత్రిని బట్టి రోజులు కొంచెం అటు ఇటు అవుతాయి. ఎవరి వైద్యుడు ఇచ్చిన చీటీ వారికి ప్రమాణం.

ఎంత అన్నది మరీ ముఖ్యం. మొదట ఒక్కోసారి 30 మిల్లీలీటర్లు, అదీ గుక్క గుక్కగా. రోజు మొత్తానికి లీటరున్నర ద్రవం చేరాలంటే దాదాపు పొద్దస్తమానం చప్పరిస్తూనే ఉండాలి. తినేటప్పుడు నీళ్ళు తాగకూడదు. తిన్న అరగంటకు తాగాలి. "ఇంకొక్క ముద్ద" అని బలవంతం చేస్తే వాంతి అవుతుంది, లోపలి కుట్లకు నొప్పి. విటమిన్ మాత్రలు, బీ12, ఐరన్, కాల్షియం జీవితాంతం వాడాలి. ఒంట్లో బాగుందని మానేసినవారికి కొన్నేళ్ళకు రక్తహీనత, తిమ్మిర్లు వస్తాయి.

షుగరు కొందరికి రోజుల్లోనే దిగివస్తుంది. పాత మోతాదులోనే ఇన్సులిన్ వేస్తే కళ్ళు తిరిగి పడిపోతారు. మోకాళ్ళ నొప్పికని దుకాణంలో బిళ్ళ కొని మింగితే పుండు పడే ప్రమాదం ఉంది. నెల నుంచి నెలన్నర దాకా నీళ్ళ బిందె, గడ్డిమోపు, గ్యాస్ బండ ఎత్తరాదు. ఏడాది, ఏడాదిన్నర దాకా గర్భం రాకుండా చూసుకోవాలి. మూడో నెల నుంచి జుట్టు ఊడుతుంది. అది తాత్కాలికమే.

ఎప్పుడు పరుగెత్తాలి?

కుట్ల దగ్గర లీకు సాధారణంగా మొదటి పది రోజుల్లోనే బయటపడుతుంది. అందుచేత దూరపు పల్లెల వారు ఆ పది రోజులు గాజువాకలోనో, పెందుర్తిలోనో బంధువుల ఇంట ఉండడం మంచిది. జ్వరం, ఆగని వాంతులు, పెరిగే కడుపునొప్పి, ఎడమ భుజం లాగడం, నిమిషానికి 120 దాటిన నాడి, ఆయాసం, పిక్క వాపు, నల్లటి విరేచనం... వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగకూడదు. 108కు ఫోను చేసి ఆసుపత్రికి చేరాలి. "గ్యాసులే" అని వాము నీళ్ళు ఇచ్చి కూర్చోబెట్టిన ఒక్క రాత్రి ప్రాణం మీదకు తెస్తుంది. వాంతులు రోజుల తరబడి సాగితే బీ1 విటమిన్ పడిపోయి మెదడు దెబ్బ తింటుంది.

అరిసె, పెళ్ళి భోజనం

పక్కనే అనకాపల్లి బెల్లం. సంక్రాంతికి అరిసె వండని ఇల్లుండదు. బైపాస్ అయినవారు తీపి ఎక్కువ తింటే అరగంటలో చెమటలు, గుండెదడ, కడుపులో మెలి, విరేచనాలు పట్టుకుంటాయి. స్లీవ్ అయినవారికి ఈ బాధ తక్కువ. కాని చిరుతిళ్ళు, కూల్‌డ్రింకులు కొంచెం కొంచెంగా లోపలికి పోతూ ఉంటే పోయిన బరువు తిరిగి వస్తుంది. బరువు తగ్గితే సింహాచలం గిరిప్రదక్షిణ చేస్తానని మొక్కుకునేవారుంటారు. 32 కిలోమీటర్ల నడక అది. మొక్కు మంచిదే. వైద్యుడు సరేనన్న ఏడాదిలో తీర్చుకోవచ్చు. అంతవరకు ఊరి చెరువు గట్టు చాలు.

కత్తి పట్టేది వైద్యుడే. కాని గరిటె పట్టేది అత్తగారో, కోడలో, ఆడపడుచో. అందుకే ఆసుపత్రిలో పథ్యం చీటీ రాసి ఇచ్చే రోజున రోగి ఒక్కర్తే వెళ్ళకూడదు. ఇంట్లో వంట ఎవరు చేస్తారో వారిని వెంట తీసుకువెళ్ళాలి. సందేహాలన్నీ అక్కడే అడిగించాలి. పప్పు సంగతి మొదట అడగాలి.