'మా భూమి' మళ్లీ ఆడాలంటే

ఒకప్పుడు సర్కారు నిషేధించిన నాటకాన్ని ఇవ్వాళ మళ్లీ ఆడాలంటే అడ్డమేముంది? కాగితం మీదైతే ఏమీ లేదు. చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో హాలు దొరికి, నటులు కుదిరితే చాలు. అయినా ఈ ప్రశ్నను మేము అంత తేలిగ్గా వదలదలుచుకోలేదు. నిషేధాలు రెండు రకాలు. ఒకటి ఉత్తర్వుగా వస్తుంది. రెండోది ఏ ఉత్తర్వూ లేకుండానే అమలవుతుంది. 'మా భూమి' నాటకాన్ని పట్టుకుని ఈ తేడా చెప్పుకుందాం.

సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు కలిసి 1947లో రాసిన నాటకమిది. తెలంగాణ రైతాంగ పోరాటం దీని వస్తువు. విసునూరు దేశ్‌ముఖ్‌తో భూమి కోసం కోర్టులో కొట్లాడి హత్యకు గురైన కామారెడ్డిగూడెం రైతు షేక్ బందగీ త్యాగం దీనికి ప్రేరణ. ప్రజానాట్యమండలి వందకు పైగా దళాలతో కోస్తా జిల్లాల్లో ఆడించింది. 1948లో మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. అప్పటికి స్వాతంత్ర్యం వచ్చింది, మద్రాసులో ఏలుతున్నది కాంగ్రెసే. ఎవరి గోడు రాశారో ఆ తెలంగాణలో నిజాం పాలన. అక్కడ సభ పెట్టుకోవాలన్నా గస్తీ నిశాన్ 53 కింద ముందుగా అనుమతి తెచ్చుకోవాలి. (గౌతమ్ ఘోష్ 'మా భూమి' సినిమా వేరు. దానికి మూలం కిషన్ చందర్ ఉర్దూ నవల.)

నాటకాల మీద సర్కారు చేతిలో అప్పుడున్న పెద్ద కర్ర 1876 నాటి నాటక ప్రదర్శనల చట్టం. ప్రభుత్వం మీద ద్వేషం పుట్టిస్తుందని అధికారికి తోస్తే చాలు, ఆట ఆపొచ్చు. కాదని ఆడితే మూడు నెలల జైలు లేదా జరిమానా, లేదా రెండూ. వేషాలు, తెరలు కూడా జప్తు చేసుకోవచ్చు. 1953లో లక్నోలో ప్రేమ్‌చంద్ కథ 'ఈద్గా'ను నాటకంగా ఆడిన ఇప్టా కళాకారుల మీద ఈ చట్టం కిందే కేసు పెట్టారు. 1956లో అలహాబాద్ హైకోర్టు ఇది రాజ్యాంగానికి విరుద్ధమని తీర్పు చెప్పింది. అయినా పుస్తకంలోంచి పోవడానికి 2018 దాకా పట్టింది. ఏమైతేనేం, పోయింది. ఉత్తర్వుకు తేదీ ఉంటుంది, సంతకం ఉంటుంది. అందుకే దాని మీద కోర్టుకు పోవచ్చు.

మరి రెండోదాని మీద ఏ కోర్టుకు పోవాలి? చిందు భాగవతం ఆడే చిందు మాదిగలను చూడండి. రాత్రంతా రాజు వేషం, దేవుడి వేషం కడతారు. ఊరంతా చేతులు జోడించి చూస్తుంది. తెల్లారి వేషం విప్పితే అదే ఊళ్లో గడప బయట నిలబడాలి. ఇట్లా నిలబడమని ఏ మేజిస్ట్రేటూ రాయలేదు. అందుకే దళితులు తమ వేదిక తామే కట్టుకోవలసి వచ్చింది. ఇదే హైదరాబాద్‌లో 1906లో భాగ్యరెడ్డి వర్మ జగన్మిత్ర మండలి పెట్టి, హరికథలతో అంటరానివాళ్లలో చైతన్యం తెచ్చే పని మొదలుపెట్టాడు. గుడి ముందు చెప్పే కథా రూపాన్ని వాడకు తెచ్చుకోవడమంటే చిన్న సంగతి కాదు.

ఇప్పుడు 'మా భూమి'కి వద్దాం. 'మా' అంటే ఎవరం? దొర గడీలో వెట్టి చేసింది, చెప్పులు కుట్టి ఊరికే ఇచ్చింది, మోతలు మోసింది ఎక్కువగా మాల మాదిగలు, తక్కిన కింది కులాలవాళ్లు. వాళ్లలో చాలామందికి పట్టా కాదు గదా, కౌలు కూడా లేదు. కారంచేడు (1985), చుండూరు (1991) తర్వాత ఈ ప్రశ్న వేయకుండా భూమి గురించి మాట్లాడటం కుదరదు. నాటకం చేతబట్టి పాత్ర పాత్రకూ అడగాలి: ఎవరు ఎంతసేపు మాట్లాడుతున్నారు, ఎవరు ఊరికే నిలబడుతున్నారు?

అట్లా అని మనకు నచ్చని చోట కోసేసి, కొత్త డైలాగులు కలిపి పాత పేరుతో ఆడొచ్చా? కూడదని మా అభిప్రాయం. అది మేజిస్ట్రేటు చేసిన పనే అవుతుంది, కత్తెర మన చేతికి వస్తుందంతే. రచయితలు రాసింది రాసినట్టే ఆడాలి. ముందు నిషేధం కథ చెప్పాలి. ఆట అయ్యాక వెట్టి చేసిన కుటుంబాల నుంచి వచ్చినవాళ్లు వేదిక ఎక్కి తమ మాట చెప్పాలి. ఆ మాట నాటకంతో తగువు పడితే పడనీయండి. తగువు జనం ఎదుట జరగాలి.

ఇంకొకటి. గానసభలో ఒక్క ఆటతో ఆపొద్దు. అదే దళం ఒక వాడలో కూడా ఆడాలి. ఊళ్లోవాళ్లు వాడకు వచ్చి కింద కూర్చుని చూస్తారో లేదో అక్కడ తెలుస్తుంది. రానినాడు రెండో నిషేధం ఇంకా అమల్లో ఉన్నట్టే.