మేడిపండులో పురుగెందుకు?

ఖానాపురం హవేలి విడిచి భద్రాచలపుటడవులవైపు సాగినకొలదియు వాగుల యొడ్డున మేడిచెట్లు కానవచ్చును. పండు చీల్చి, లోపలి పురుగులను జూచి యేవగించుకొననివారరుదు. వేమన సైతము దానిని పిరికివాని బింకమునకు పోలిక చేసెను. పాపము, నేరము పండుది కాదు.

మేడి పూయదనుట మన భ్రమ. మనము కాయ యనుకొనునది వందలకొలది పువ్వులను లోపల దాచుకొనిన బుట్ట. చీమంతయైనను లేని కందిరీగ జాతి ఆడుపురుగు, వేరొక చెట్టునుండి పుప్పొడి మోసికొనివచ్చి, కాయకొననున్న సన్నని రంధ్రమున, రెక్కలూడినను లెక్కింపక దూరి, కొన్ని పువ్వులను ఫలవంతము గావించి, మరికొన్నింట గ్రుడ్లిడి, అచ్చటనే మరణించును. వానినుండి ముందు వెలువడు రెక్కలులేని మగవి, ఆడువానితో జతగూడి, వెలికి సొరంగము త్రవ్వి చచ్చును. ఆడువి పుప్పొడితో నెగిరిపోవును.

మేడికొక జాతి, మఱ్ఱికి వేరొకటి, రావికింకొకటి: ఇంచుమించు 7 కోట్ల యేండ్లుగా సాగుచున్న యీ పొత్తులో, చెట్టు ద్వారమునకు తగినట్లు పురుగు తల రూపొందుచు వచ్చినది.

పుప్పొడి మోయక, బయటినుండియే పొడవైన సూదివంటి యవయవముతో గ్రుడ్లు పొడుచు దొంగ కందిరీగలును కలవు. కొమ్మలపై తిరుగు చీమలు వానిని తరుముచుండును.