గొంతు చించుకుంటే సరిపోదు: మెటల్ వేదిక మీద పట్టు ఎలా వస్తుంది?

పిల్లలు ఇయర్‌ఫోన్లు పెట్టుకుని తలూపుతుంటే, "ఏంట్రా ఆ గోల" అని అమ్మీ కేకేయడం చాలా ఇళ్లలో ఉన్నదే. ఆ గోల కొన్నిసార్లు మెటల్ సంగీతం అయ్యుంటుంది. గిటార్ శబ్దాన్ని కావాలనే గరగరలాడించి, డ్రమ్ములు ఎడాపెడా మోగించి, గొంతును అరుపు దాకా తీసుకెళ్లే సంగీతం ఇది. 1970లో ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌కు చెందిన బ్లాక్ సబ్బాత్ బ్యాండ్ తొలి ఆల్బమ్‌తో దీనికి పునాది పడిందని చెబుతారు.

అయితే ఒక బ్యాండ్ వాయిస్తుంటే జనం చివరి పాట దాకా కదలరు. ఇంకో బ్యాండ్ ఎక్కితే టీ తాగడానికి పోతారు. ఇద్దరూ గట్టిగానే వాయిస్తారు. మరి తేడా ఎక్కడొస్తోంది? దీన్ని అర్థం చేసుకోవడానికి ఇండోనేషియాకు చెందిన ముగ్గురు ముస్లిం అమ్మాయిలను చూస్తే చాలు.

గరుత్ నుంచి గ్లాస్టన్‌బరీ దాకా

పశ్చిమ జావాలోని గరుత్ ప్రాంతంలో ఒకే బడిలో చదువుకున్న ఫిర్దా మార్స్యా కుర్నియా, విదీ రహ్మావతి, యూయిస్ సితి ఆయిషా 2014లో ఒక బ్యాండ్ పెట్టారు. మార్స్యా పాడుతూ గిటార్ వాయిస్తుంది. విదీది బేస్ గిటార్, సితిది డ్రమ్స్. వాళ్లకు ఈ సంగీతం పరిచయం చేసింది బడిలోని టీచరే. బ్యాండ్ పేరు వాయిస్ ఆఫ్ బచెప్రోట్. అక్కడి సుండా భాషలో బచెప్రోట్ అంటే గోల అని అర్థం. ఊళ్లో విమర్శలు వచ్చాయి, బెదిరింపులు వచ్చాయి, ఇంట్లోవాళ్లూ మొదట్లో వద్దనే అన్నారు. అయినా 2022లో జర్మనీలోని వాకెన్ మెటల్ ఉత్సవంలో వాయించారు. 2024 జూన్‌లో ఇంగ్లండ్‌లోని గ్లాస్టన్‌బరీ ఉత్సవంలో వేదికెక్కిన తొలి ఇండోనేషియా బ్యాండ్‌గా నిలిచారు. ఎక్కడికెళ్లినా హిజాబ్‌తోనే.

సంగీతం విషయంలో ఉలమాల మధ్య భిన్నాభిప్రాయాలున్నాయి. ఆ చర్చ వేరు. ఇక్కడ చూడాల్సింది ఇంకొకటి. మెటల్ అనగానే గుర్తొచ్చేది విరబోసుకున్న జుట్టు గిరగిరా తిప్పడం, తోలు జాకెట్లు, వేదిక మీద మంటలు. ఈ అమ్మాయిలకు జుట్టు తిప్పే వీలే లేదు. అయినా జనం కళ్లు తిప్పుకోరు. అంటే అసలు సరుకు వేరే ఉందన్నమాట.

మొదటిది చేతుల సాధన

వేళ్లు ఎక్కడ పడుతున్నాయో అని గిటార్ వైపే చూస్తూ ఉండే మనిషి జనాన్ని చూడలేడు. పాట ఒంట్లోకి ఇంకిపోయేదాకా ప్రాక్టీస్ చేసినవాడికే తల ఎత్తే తీరిక దొరుకుతుంది. వేదిక మీద కనిపించే ధైర్యంలో చాలా భాగం రిహార్సల్ గదిలో తయారైందే.

రెండోది ఒకరి మీద ఒకరికి నమ్మకం

డ్రమ్మర్ ఒక్క చూపు చూస్తే బేస్ వాయించేవాళ్లకు అర్థం కావాలి. తీగ తెగినా, మైకు ఆగినా ముఖంలో కంగారు కనపడకూడదు. ఒకరు సర్దుకునే లోపు మిగతావాళ్లు తాళం నడిపిస్తూ ఉండాలి. వేదిక మీద కంగారు జనానికి ఇట్టే అంటుకుంటుంది, నిబ్బరమూ అంతే.

మూడోది చివరి వరుస

పట్టున్న గాయకుడు ముందు నిలబడ్డ నలుగురి కోసమే పాడడు. బ్లాక్ సబ్బాత్‌లో పాడిన రోనీ జేమ్స్ డియో పొట్టి మనిషి. చూపుడువేలు, చిటికెనవేలు పైకెత్తి చూపే సైగను మెటల్ జనంలోకి తెచ్చిన పేరు ఆయనదే. ఇటలీ మూలాలున్న తన నానమ్మ చెడు చూపు తగలకుండా ఆ సైగ చేసేదని ఆయన చెప్పేవారు. మన ఇళ్లలో దాదీ నజర్ తీసినట్టే. దాంతో వేలమంది చివర నిలబడ్డవాడు కూడా చెయ్యెత్తి జవాబిచ్చేవాడు.

నాలుగోది ఎప్పుడు ఆగాలో తెలియడం

పాటకూ పాటకూ మధ్య ఆ అరనిమిషంలోనే చాలా బ్యాండ్లు పట్టు జారవిడుస్తాయి. వెనక్కి తిరిగి గిటార్ సవరించుకుంటూ ఉండిపోతారు. ముషాయిరాలకు వెళ్లినవాళ్లకు ఇది తెలిసిన సంగతే. మంచి షాయర్ మొదటి మిస్రా చదివి ఆగుతాడు, మళ్లీ చదువుతాడు. రెండో మిస్రా కోసం హాలంతా ఊపిరి బిగబట్టి చూస్తుంది. ఆ మౌనం కూడా ఆయన చేతిలోనే ఉంటుంది.

గంతులు వేయకపోయినా పట్టు పోదనడానికి ఇంకో ఉదాహరణ అమెరికా బ్యాండ్ స్లేయర్. దాని గాయకుడు టామ్ అరాయాకు 2010లో మెడ ఆపరేషన్ అయ్యింది. ఏళ్ల తరబడి వేదిక మీద తల విసరడం ఆయనకు అలవాటు. దాన్ని మానుకోవాల్సి వచ్చింది. ఆ తర్వాత నిలబడే పాడారు, 2019 వీడ్కోలు ప్రదర్శనల దాకా.

చెప్పే మాట సొంతమైతే

గరుత్ అమ్మాయిల దగ్గర ఇంకొకటుంది. 2021లో వాళ్లు విడుదల చేసిన ఒక పాట పేరే "గాడ్, అలౌ మీ (ప్లీజ్) టు ప్లే మ్యూజిక్". దేవుణ్ని అనుమతి అడిగే పాట అది. తమను వద్దన్నవాళ్ల మాటలు విన్నాక, తమ గుండెలో ఉన్నదాన్నే వేదిక మీద చెప్పారు. అరువు తెచ్చుకున్న కోపం రెండో పాటకే చల్లారుతుంది, సొంత బాధ అలా చల్లారదు.

ఈ లెక్క మెటల్‌కే పరిమితం కాదు. రేపు బడి జల్సాలో తక్రీర్ చెప్పబోయే అమ్మాయికి కాళ్లు వణుకుతుంటే, "గట్టిగా మాట్లాడు బేటా" అంటే సరిపోదు. కాగితం చూడకుండా వచ్చేదాకా ఇంట్లో పదిసార్లు వినాలి. వెనక బెంచీ వైపు చూసి చెప్పమనాలి. అన్నింటికన్నా ముందు, తను నిజంగా ఏం చెప్పాలనుకుంటోందో అడగాలి.