కంప్యూటర్‌లో దాగిన ఫైళ్ళు: గుర్తించడం, నిర్వహించడం

ఉద్దేశ్యాలు

ఈ పాఠం చదివిన తరవాత మీరు:
- ఫైల్ దాగి ఉండటం అంటే ఏమిటో వివరించగలుగుతారు.
- పాత విండోస్ కంప్యూటర్‌లో దాగిన ఫైళ్ళను చూడగలుగుతారు.
- పెన్ డ్రైవ్‌లో కనిపించకుండా పోయిన ఫోల్డర్లను తిరిగి తెచ్చుకోగలుగుతారు.
- ఏ ఫైళ్ళను తొలగించకూడదో చెప్పగలుగుతారు.

1. పరిచయం

మెదక్ జిల్లా నర్సాపూర్ లాంటి పట్టణంలో చదువుకునే దూరవిద్యా విద్యార్థుల్లో అందరికీ ఇంట్లో ప్రింటర్ ఉండదు. ప్రాజెక్టు రిపోర్టును ఇంట్లోని పాత కంప్యూటర్‌లో టైపు చేసి, పెన్ డ్రైవ్‌లో వేసుకుని, బస్టాండు దగ్గరి నెట్ సెంటర్‌కో జెరాక్స్ షాపుకో తీసుకువెళ్తారు. ఇంటికి వచ్చి చూస్తే ఫోల్డర్లు ఉండవు, లేదా వాటి స్థానంలో షార్ట్‌కట్లు మాత్రమే ఉంటాయి. అప్పుడు చాలామంది "పోయింది" అనుకుని పెన్ డ్రైవ్‌ను ఫార్మాట్ చేస్తారు. నెలల శ్రమ నిజంగా పోయేది ఆ క్షణంలోనే. ఎందుకో తెలియాలంటే ఫైల్ ఎలా దాగుతుందో ముందు తెలుసుకోవాలి.

2. ఫైల్ ఎలా దాగుతుంది?

డిస్క్‌లో ప్రతి ఫైల్‌కూ ఒక నమోదు ఉంటుంది. గ్రంథాలయంలో పుస్తకానికి కార్డు ఉన్నట్టే ఇదీ. పెన్ డ్రైవ్‌లలో ఎక్కువగా వాడే ఫ్యాట్ పద్ధతిలో ఈ నమోదు 32 బైట్లు. మొదటి 8 బైట్లు పేరుకు, తరవాతి 3 ఎక్స్‌టెన్షన్‌కు కేటాయిస్తారు. 12వ బైటులో ఫైల్ లక్షణాలు ఉంటాయి. చదవడానికి మాత్రమే అనే లక్షణం విలువ 1, హిడెన్ విలువ 2, సిస్టమ్ విలువ 4. ఒక ఫైల్‌కు హిడెన్, సిస్టమ్ రెండూ ఉంటే ఆ విలువలు కలిసి 6 అవుతాయి.

అంటే ఫైల్‌ను దాచినప్పుడు అందులోని సమాచారం కదలదు, చెదరదు. కార్డు మీద ఒక గుర్తు మాత్రమే మారుతుంది. ఆ గుర్తు ఉన్నవాటిని విండోస్ మామూలుగా చూపించదు. లినక్స్‌లో పద్ధతి వేరు: అక్కడ పేరు చుక్కతో మొదలైతే ఆ ఫైల్ జాబితాలో కనిపించదు.

3. దాగిన ఫైళ్ళను చూడటం

విండోస్ ఎక్స్‌పీలో మై కంప్యూటర్ తెరిచి టూల్స్, ఫోల్డర్ ఆప్షన్స్, వ్యూ వరకు వెళ్ళండి. విండోస్ 7లో ఆర్గనైజ్ మెనూలోని ఫోల్డర్ అండ్ సెర్చ్ ఆప్షన్స్ ద్వారా అదే వ్యూ పేజీకి చేరతారు. అక్కడ:

(అ) షో హిడెన్ ఫైల్స్ అండ్ ఫోల్డర్స్ అన్నదాన్ని ఎంచుకోండి.
(ఆ) హైడ్ ప్రొటెక్టెడ్ ఆపరేటింగ్ సిస్టమ్ ఫైల్స్ ముందున్న టిక్కును తీసివేయండి. హెచ్చరిక వస్తే చదివి అంగీకరించండి.

మొదటి మార్పు ఒక్కటే చేస్తే హిడెన్ లక్షణం ఉన్నవి మాత్రమే కనిపిస్తాయి. సిస్టమ్ లక్షణం కూడా కలిసి ఉన్నవాటికి రెండో మార్పు అవసరం. పని ముగిశాక ఈ టిక్కును మళ్ళీ పెట్టడం మరవకండి.

4. పెన్ డ్రైవ్‌లో పోయిన ఫోల్డర్లు

షార్ట్‌కట్ వైరస్ అని అందరూ పిలిచే ప్రోగ్రాములు మీ ఫోల్డర్లకు హిడెన్, సిస్టమ్ లక్షణాలు రెండూ తగిలించి, అదే పేర్లతో షార్ట్‌కట్లు తయారు చేస్తాయి. షార్ట్‌కట్‌ను నొక్కితే వైరస్ నడుస్తుంది, మీ ఫోల్డర్ కూడా తెరుచుకుంటుంది. అందుకే చాలామందికి అనుమానం రాదు.

మొదటి పరీక్ష సులభం. పెన్ డ్రైవ్ గుర్తు మీద కుడి మీట నొక్కి ప్రాపర్టీస్ చూడండి. లోపల ఏమీ కనిపించకపోయినా వాడిన స్థలం ఎక్కువగా చూపిస్తే, ఫైళ్ళు చాలావరకు లోపలే ఉన్నాయని అర్థం. ఆపైన ఈ వరుసలో చేయండి:

1. షార్ట్‌కట్లను నొక్కకండి. ఫార్మాట్ చేయకండి.
2. తాజా యాంటీవైరస్ ఉన్న కంప్యూటర్‌లో పెన్ డ్రైవ్‌ను స్కాన్ చేయండి. వైరస్ ఉండగా లక్షణాలు మారిస్తే అది మళ్ళీ దాచేస్తుంది.
3. కమాండ్ ప్రాంప్ట్ తెరవండి. పెన్ డ్రైవ్ అక్షరం జి అయితే, జి, కోలన్ టైపు చేసి ఎంటర్ నొక్కండి. మీ డ్రైవ్ అక్షరాన్ని ముందే సరిచూసుకోండి.
4. అట్రిబ్ (ఎ, టి, టి, ఆర్, ఐ, బి) అనే ఆదేశం టైపు చేసి, ఖాళీ వదిలి మైనస్ హెచ్, ఖాళీ వదిలి మైనస్ ఎస్, ఖాళీ వదిలి నక్షత్రం చుక్క నక్షత్రం, ఖాళీ వదిలి ముందుకు వాలిన గీతతో ఎస్, మళ్ళీ ఖాళీ వదిలి అదే గీతతో డి టైపు చేసి ఎంటర్ నొక్కండి.

మైనస్ గుర్తు లక్షణాన్ని తీసివేస్తుంది. చివరి ఎస్ లోపలి ఫోల్డర్ల వరకూ, డి ఫోల్డర్లకు కూడా ఆదేశాన్ని వర్తింపజేస్తాయి. సిస్టమ్ లక్షణం ఉండగా హిడెన్‌ను ఒంటరిగా తీయడం కుదరదు. అందుకే రెండింటినీ ఒకేసారి తీస్తాం. ఫోల్డర్లు కనిపించగానే మీ పత్రాలను వేరేచోట భద్రపరచి, మిగిలిన షార్ట్‌కట్లను తొలగించండి.

ఈ ఆదేశాన్ని సి డ్రైవ్‌లో ఎప్పుడూ ఇవ్వకూడదు. అక్కడ విండోస్ తన ఫైళ్ళను కావాలనే దాచుకుంటుంది.

5. వేటిని తొలగించవచ్చు?

సి డ్రైవ్‌లో కనిపించే పేజ్‌ఫైల్, ర్యామ్ చాలనప్పుడు విండోస్ వాడుకునే స్థలం. దాన్ని ముట్టుకోవద్దు. హైబర్‌ఫిల్ అనేది హైబర్నేట్ చేసినప్పుడు ర్యామ్‌లోని సమాచారాన్ని దాచే ఫైల్. ఎక్స్‌పీలో దీని పరిమాణం దాదాపు ర్యామ్ అంత ఉంటుంది. స్థలం కావాలంటే దీన్ని నేరుగా తొలగించకుండా, పవర్ ఆప్షన్స్‌లో హైబర్నేషన్‌ను ఆపండి. థంబ్స్ అనే ఫైల్ బొమ్మల చిన్న నమూనాలను దాస్తుంది. తొలగిస్తే నష్టం లేదు, అవసరమైతే మళ్ళీ ఏర్పడుతుంది.

6. దాచడం వేరు, భద్రత వేరు

హిడెన్ పెట్టిన ఫైల్‌ను పై రెండు టిక్కులు తెలిసిన ఎవరైనా చూడగలరు. కాబట్టి ఆధార్ ప్రతి, బ్యాంకు వివరాలు ఈ విధంగా దాచి నిశ్చింతగా ఉండరాదు. మరొక విషయం: ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8తో, విండోస్ 7కు 2020 జనవరి 14తో మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు ముగిసింది. అలాంటి కంప్యూటర్ వాడేవారు ముఖ్యమైన పత్రాలను కనీసం రెండుచోట్ల ఉంచుకోవాలి.

7. సారాంశం

ఫైల్ దాగడం అంటే దాని నమోదులో ఒక లక్షణం మారడమే. సమాచారం అలాగే ఉంటుంది. ముందు వాడిన స్థలం చూడాలి, తరవాత వైరస్‌ను తొలగించాలి, ఆపైన లక్షణాలను మార్చాలి. ఫార్మాట్ అన్నింటికీ చివరి మార్గం.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. హిడెన్, సిస్టమ్ లక్షణాలు రెండూ ఉన్న ఫైల్‌ను చూడటానికి ఎన్ని మార్పులు చేయాలి? ఎందుకు?
2. అట్రిబ్ ఆదేశానికి ముందే వైరస్‌ను ఎందుకు తొలగించాలి?
3. మీ కంప్యూటర్‌లో ఒక ఖాళీ టెక్స్ట్ ఫైల్ తయారు చేసి, దాచి, తిరిగి కనిపించేలా చేయండి. చేసిన దశలను మీ నోట్ పుస్తకంలో రాయండి.