గదిగదికీ ఒకే పాట

మహాలయ అమావాస్య తెల్లవారుజామున నాలుగింటికి కోల్‌కతా రేడియోల్లో బీరేంద్ర కృష్ణ భద్ర గొంతు మొదలవుతుంది. ఆ గొంతు వినిపించే ‘మహిషాసుర మర్దిని’ 1930ల నుంచీ ఆ నగరానికి అలవాటైన కార్యక్రమం. నగరంలోని ఏక్‌బాల్‌పూర్‌లో ఒకే సందులోని పది ఇళ్లలో రేడియోలు పెట్టినా పదింట్లోనూ ఒకే క్షణాన ఒకే అక్షరం పలుకుతుంది. రేడియో తరంగం సెకనుకు మూడు లక్షల కిలోమీటర్లు పరుగెడుతుంది కనుక ఏ ఇల్లూ వెనకబడదు.

అదే కార్యక్రమాన్ని రెండు ఫోన్లలో ఇంటర్నెట్ ద్వారా పెడితే ఒకటి ముందు, ఒకటి వెనక. పాట ముక్కలు ముక్కలుగా వస్తుంది. దారిలో తప్పిపోయిన ముక్కను మళ్లీ అడిగి తెప్పించుకోవాలి. అందుకే ప్రతి పరికరం కొంత పాటను ముందుగా దాచుకుని వాయిస్తుంది. ఎంత దాచుకోవాలన్నది దాని ఇష్టం.

ఇంతకన్నా మొండి చిక్కు గడియారాలది. సీడీ నాణ్యత గల పాటలో సెకనుకు 44,100 నమూనాలుంటాయి. వాటిని లెక్కపెట్టేది స్పీకర్‌లోని చిన్న క్వార్ట్జ్ స్ఫటికం. రెండు స్పీకర్ల స్ఫటికాల మధ్య పది లక్షలకు యాభై వంతుల తేడా ఉన్నా, కలిసి మొదలైన పాట పది నిమిషాల్లో 30 మిల్లీసెకన్లు జారిపోతుంది. ఆ పైన హాల్లోని పాటకు వంటింట్లోది ప్రతిధ్వనిలా తగులుతుంది.

ఈ జారుడును ఇంటి వాడకానికి తగ్గట్టు సరిచేసిన వాళ్లలో ముందుగా పేరు తెచ్చుకున్నది అమెరికాలోని సాంటా బార్బరాలో 2002లో మొదలైన సోనోస్. జాన్ మెక్‌ఫార్లేన్ బృందం తయారుచేసిన జెడ్‌పీ100 పెట్టె 2005 జనవరిలో అమ్మకానికొచ్చింది. అది స్పీకర్ కాదు, స్పీకర్లకు తగిలించే ఆంప్లిఫయర్. వాటిని గదికొకటి పెడితే తమలో తామే వైర్‌లెస్ వల అల్లుకునేవి. తర్వాత యాపిల్, గూగుల్ తదితర కంపెనీలూ ఇదే బాట పట్టాయి.

కిటుకు ఇది. గుంపు కట్టిన స్పీకర్లలో ఒకటి పెద్దరికం వహిస్తుంది. మిగతావి తరచూ దాన్ని టైమ్ అడిగి, జవాబు రావడానికి పట్టిన వ్యవధిని లెక్కగట్టి తమ గడియారాలు సరిచూసుకుంటాయి. పాట ముక్క మీద ‘ఫలానా క్షణాన వాయించు’ అని రాసి ఉంటుంది. ఆ క్షణం ఎప్పుడూ కాస్త తర్వాత రాబోయేదే. ముక్క తొందరగా అందిన స్పీకర్ ఆగుతుంది, ఆలస్యంగా అందినదానికీ వ్యవధి మిగులుతుంది. గడియారం జారిన చోట చెవికి తెలియనంత స్వల్పంగా వేగం మారుస్తారు.

ఇదే కోల్‌కతాలో 1895లో జగదీశ్ చంద్ర బోస్ తీగ లేకుండా, గోడల అవతల గంట మోగించి చూపారు. ఇటుక గోడలు మందంగా ఉండి, ప్రతి ఫ్లాట్‌లోనూ వైఫై ఉన్న ఇరుకు పేటల్లో మాత్రం సిగ్నల్ నీరసిస్తుంది. పాట తెగితే ముందు చూడాల్సింది రౌటర్ ఎక్కడుందన్నదే. వీలైతే పెద్దరికం వహించే స్పీకర్‌ను రౌటర్‌కు కేబుల్‌తో కలపడం మేలు.

పాటకైతే ముందుగా దాచుకున్నా నష్టం లేదు. టీవీలో క్రికెట్ అలా కాదు, బొమ్మకూ మాటకూ పొంతన కుదరాలి. అందుకే టీవీ శబ్దాన్ని గదులన్నిటికీ పంచినప్పుడు కొన్ని వ్యవస్థలు టీవీ పక్కనున్న స్పీకర్‌నే బొమ్మతో నడిపిస్తాయి. పడకగదిలో ఉన్నవాళ్లకు సిక్సర్ కబురు రవ్వంత ఆలస్యంగా అందుతుంది.