కొల్లేటికి కాస్పియన్ తీరాన చుట్టాలు

ఏలూరు వాళ్ళకి కొల్లేరంటే కొత్తేముంది! చలికాలంలో పక్షులు, ఫాల్గుణంలో కొల్లేటికోట పెద్దింట్లమ్మ తీర్థం, పొద్దున్నే వీధిలోకొచ్చే చేపల గంప. కానీ మన కొల్లేటికి పర్షియాతో ఓ చుట్టరికం ఉందంటే నమ్ముతారా?

‘రామ్‌సర్ సరస్సు’ అని పేపర్లో చూసి మా పక్కింటి పిన్నిగారు “రాములవారు తవ్వించిన చెరువేమోనమ్మా!” అన్నారు. రాములవారికీ దీనికీ సంబంధం లేదు. రామ్‌సర్ ఇరాన్‌లో కాస్పియన్ సముద్రం ఒడ్డున ఉన్న ఊరు. ఇరాన్ అనగానే మనకి ఇసకా, ఖర్జూరాలూ గుర్తొస్తాయి గానీ, ఆ తీరమంతా వానలూ వరిచేలే. అచ్చం మన గోదావరి జిల్లాల్లాగే! అక్కడి హిర్కానియన్ అడవుల్ని 2019లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

1971 ఫిబ్రవరి 2న ఆ ఊళ్ళో 18 దేశాల ప్రతినిధులు కూర్చుని, నీటిపక్షులు బతికే చిత్తడి నేలల్ని కాపాడుకుందామని ఒప్పందం చేసుకున్నారు. మన దేశం 1982లో చేరింది. 2002 ఆగస్టులో కొల్లేరు ఆ జాబితాకెక్కింది. అంతకుముందే, 1999లో, సముద్రమట్టానికి అయిదడుగుల ఎత్తు దాకా ఉన్న 308 చదరపు కిలోమీటర్లని అభయారణ్యంగా ప్రకటించారు.

జాబితాకెక్కితే సరిపోతుందా? ఇరాన్‌లోని ఉర్మియా సరస్సు 1975లోనే అందులో చేరింది. ఒకప్పుడు అయిదువేల చదరపు కిలోమీటర్ల ఉప్పునీటి సరస్సు. దానిలోకొచ్చే నదుల మీద ఆనకట్టలు కట్టారు, చుట్టూ బోర్లు వేశారు, కరువులూ తోడయ్యాయి. ఇప్పుడు చాలామటుకు ఉప్పు మేట.

అక్కడ నీళ్ళు రాక చచ్చింది. మన కొల్లేటికి నీళ్ళొస్తాయి, కదలనివ్వం! 1976 ప్రాంతంలో పేద మత్స్యకారుల సంఘాలకని ప్రభుత్వమే చెరువులిచ్చింది. మంచి ఉద్దేశమే. పోనుపోనూ పేరు సంఘానిది, పెత్తనం లీజుదారుది అయింది. 2006లో సుప్రీంకోర్టు ఆదేశాలతో గట్లు పేల్చేశారు. చాలాచోట్ల మళ్ళీ లేచాయి. బుడమేరు, తమ్మిలేరు తెచ్చిన వరదని కొల్లేరు కడుపులో దాచుకుని ఉప్పుటేరు ద్వారా మెల్లగా సముద్రానికి వదలాలి. మధ్యలో అన్ని గట్లుంటే ఎలా వదులుతుంది? 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడని ముంచింది. ఆ నీళ్ళు దిగొచ్చి కొల్లేటి లంకల్నీ ముంచాయి.

మాకు చేపలమ్మే ఆవిడది లంక ఊరే. గంపలో ఎప్పుడూ చెరువు శీలావతి, బొచ్చెలే. మట్టగిడసలేవీ అంటే నవ్వుతుంది. “చుట్టూ నీళ్ళేనమ్మగారూ, తాగడానికి మాత్రం డబ్బాలు కొనుక్కోవాలి” అంటుంది. గట్లు కొట్టేయాలంటే మాత్రం కోపమొస్తుంది. వాళ్ళాయన పని ఆ చెరువుల మీదే మరి! లీజుదారు సంపాదించుకుని వెళ్ళిపోతాడు, కూలిపోయేది వీళ్ళదే. కొల్లేటిని కాపాడాలనే పెద్దలు ముందు వీళ్ళకో దారి చూపించాలని నాకనిపిస్తుంది.

ఫిబ్రవరి 2ని చిత్తడి నేలల దినోత్సవంగా జరుపుతారు. ఆ రోజుల్లో వీలైతే పిల్లల్ని కైకలూరు దగ్గర ఆటపాకకి తీసుకెళ్ళండి. బోర్డు మీద రామ్‌సర్ పేరు కనిపిస్తే అదెక్కడుందో చెప్పండి. గూడబాతులు గంపెడేసి మూతులతో భలే ఉంటాయి. గూళ్ళు పెట్టుకునే చెట్లు చాలామటుకు ఎండిపోతే, అటవీశాఖ వాళ్ళు నీళ్ళలో ఇనప స్టాండ్లు పాతారు. వాటిమీదే పుల్లలు పేర్చుకుని పిల్లల్ని పెంచుకుంటున్నాయి.