చిన్న వ్యాపారము – స్థాపకుని సంకల్పము

ఒకే వీధిలో, ఒకే పెట్టుబడితో ప్రారంభమైన రెండు దుకాణములలో ఒకటి కొంతకాలమునకు కర్మాగారముగా విస్తరించవచ్చును. రెండవది దుకాణముగానే నిలిచిపోవచ్చును. ఈ భేదమునకు మూలధనము, గిరాకి, అదృష్టము కారణములని చెప్పుకొనుట పరిపాటి. అవి కారణములే. కాని స్థాపకుడు ఏ ఉద్దేశముతో వ్యాపారములో అడుగుపెట్టినాడన్నది కూడ మనము విచారింపదగిన విషయము.

ఈ విచారణకు తెలుగునాడే ఒకప్పుడు ప్రయోగశాల అయినది. అమెరికా మనస్తత్త్వ శాస్త్రజ్ఞుడు డేవిడ్ మెక్లీలాండ్ మనుష్యులను నడిపించు ప్రేరణలలో మూడింటిని ముఖ్యముగా పేర్కొన్నాడు: కార్యసాధనేచ్ఛ, అధికారేచ్ఛ, స్నేహేచ్ఛ. వ్యాపారాభివృద్ధికి మొదటిదే ఎక్కువగా తోడ్పడునని ఆయన అభిప్రాయము. 1964లో హైదరాబాదులోని చిన్న పరిశ్రమల విస్తరణ శిక్షణ సంస్థ సహకారముతో ఆయన బృందము కాకినాడ వ్యాపారులకు శిక్షణ ప్రారంభించినది.

ఆయన సిద్ధాంతమును ఒక చిన్న ఆట చక్కగా వివరించును. నిలిపిన మేకుపైకి వలయములను విసరవలెను. ఎంత దూరమున నిలువవలెనో ఆటగాడే నిర్ణయించుకొనును. మరీ దగ్గర నిలిచినవానికి గెలుపులో రుచి లేదు. మరీ దూరమున నిలిచినవాడు అదృష్టమును నమ్ముకొన్నవాడు. తన నేర్పునకు పరీక్షయై, శ్రమించిన అందు దూరమును ఎన్నుకొనువాడే కార్యసాధకుడు. వ్యాపారములోనూ అతడు అట్లే లెక్క చూచుకొని సాహసించును. లాభమును తిరిగి పనిలో పెట్టును.

1969లో డేవిడ్ వింటర్‌తో కలిసి మెక్లీలాండ్ ఈ ఫలితములను గ్రంథముగా ప్రకటించినాడు. శిక్షణ పొందనివారికంటె పొందినవారు ఎక్కువ చురుకుదనము చూపి, కొత్త పెట్టుబడులు పెట్టి, ఎక్కువమందికి పని కల్పించినట్లు అందు తేలినది. అనగా సంకల్పము పుట్టుకతోనే రావలెనను నియమము లేదు. అభ్యాసముచే దానిని పెంపొందించుకొనవచ్చును.

అయితే పెరుగుదలకు ఒకే రూపము లేదు. 1959లో బొంబాయిలో ఏడుగురు స్త్రీలు 80 రూపాయల అప్పుతో అప్పడముల పని ఆరంభించినారు. లిజ్జత్ పేరుతో ప్రసిద్ధమైన ఆ సంస్థ ఆశయము స్త్రీలకు స్వయముపాధి. కనుకనే అది యంత్రములను గాక సభ్యులను పెంచుకొని విస్తరించినది. ఇంటివద్ద అప్పడము ఒత్తు ప్రతి స్త్రీయు అందు భాగస్వామియే. సంకల్పము ఎట్టిదో పెరుగుదలయు అట్టిదే.

ఇల్లు గడచుటకై దుకాణము పెట్టి, గడచినంతలో తృప్తి చెందువానిని మనము చిన్నచూపు చూడరాదు. చిక్కు వేరొకచోట కలదు. కోరినది జీవనోపాధియై, తెచ్చిన అప్పు కర్మాగారమునకు తగినదైనప్పుడు వడ్డీ భారము కుటుంబమంతటిపై పడును. పట్టము పొంది వ్యాపారమునకు పూనుకొను విద్యార్థి మిత్రులు అప్పుపత్రముపై సంతకము చేయుటకు పూర్వమే తమ కోరిక ఎంతటిదో నిదానించి తెలిసికొనవలెను. జమాఖర్చుల విద్యతోబాటు ఈ ఆత్మపరిశీలనను కూడ కళాశాలలు నేర్పగలిగిన ఎన్నో ఇండ్లకు మేలు కలుగును.